టైగర్‌కు ఇన్సూరెన్సు చేయించాలా?

నా ఉద్యోగుల ఆరోగ్య కార్డులో నాలుగు పేర్లున్నాయి. నేను, మా ఆవిడ, మా అమ్మ, మా చిన్నమ్మాయి. ఇంట్లో ఉన్న ఐదో ప్రాణి పేరు అందులో లేదు. వాడు టైగర్. లాబ్రడార్ జాతి, మూడేళ్ల వయసు, ముప్ఫై రెండు కిలోల బరువు. అన్నం గిన్నె దగ్గర తప్ప వాడిలో పులి లక్షణాలు మరెక్కడా కనబడవు.

కిందటి నెలలో ఈ శీర్షికకు ఒక ఉత్తరం వచ్చింది. రాసినావిడ రిటైరైన టీచరు. కొడుకు ఉద్యోగానికి బెంగుళూరు వెళుతూ జర్మన్ షెపర్డ్ కుక్కపిల్లను ఆవిడ దగ్గర వదిలి వెళ్లాడట. "స్కూటరుకు ఇన్సూరెన్సు రాసే ఏజెంటు కుక్కక్కూడా రాస్తానంటున్నాడు. కుక్కకు ఇన్సూరెన్సేమిటని మా చెల్లెలు నవ్వుతోంది. నాకొచ్చేది పెన్షను. దీనికి జబ్బు చేస్తే వేలకు వేలవుతాయని భయంగా ఉంది. మీరు మనుషుల డాక్టరే అయినా మీ ఇంట్లోనూ కుక్క ఉందని ఒకసారి రాశారు కనుక అడుగుతున్నాను" అని ఆవిడ ప్రశ్న.

సరిగ్గా ఇదే ప్రశ్న మా ఇంట్లో రెండు నెలలుగా నలుగుతోంది. అందుచేత ఈ వారం బి.పి.నీ, షుగరునూ పక్కన పెట్టి ఈ సంగతి రాస్తున్నాను. ఇది ఆరోగ్యం శీర్షికలో రాయదగినదేనా అని కొందరికి అనిపించవచ్చు. కుక్క ఉన్న ఇంట్లో కుక్క ఆరోగ్యం ఆ ఇంటివాళ్ల ఆరోగ్యంతో ఎంతగా ముడిపడి ఉంటుందో ఆస్పత్రిలో కుక్కకాటు సూదిమందు దగ్గర ఒక పూట కూర్చుంటే తెలుస్తుంది. దాని సంగతి తరువాత చెబుతాను.

ముందు మీకొక తప్పు ఒప్పుకోవాలి.

టైగర్‌కు ముందు మా ఇంట్లో జిమ్మీ ఉండేవాడు. జాతీ గీతీ ఏమీ లేదు. మా ఆస్పత్రి క్వార్టర్ల వెనక పుట్టిన పిల్ల. మా పెద్దమ్మాయి లంగాలో చుట్టుకుని ఇంటికి తెచ్చింది. తొమ్మిదేళ్లు మాతో ఉన్నాడు. 2019 ఏప్రిల్లో ఒకరోజు వెనక కాలు కుంటడం మొదలుపెట్టాడు. తడిమి చూశాను, విరగలేదు. వయసు మీద పడింది, కీళ్లనొప్పి అయి ఉంటుందనుకున్నాను. ఇంట్లో బ్రూఫెన్ బిళ్లలున్నాయి. పెరుగన్నంలో కలిపి పూటకొకటి చొప్పున నాలుగు రోజులు పెట్టాను. ముప్ఫై ఏళ్లుగా జనానికి చీటీ రాసి ఇస్తున్న మందు, నాకు అంతకన్నా తెలిసిన మందేముంటుంది?

రెండో రోజుకు కుంటడం తగ్గింది కూడాను. నా వైద్యానికి నేనే మురిసిపోయాను. నాలుగో రోజు వాంతులు. ఐదో రోజు పొద్దున పెరట్లో తారులాగా నల్లటి విరోచనం. మనిషికి అలా అయిందని చెబితే, కడుపులో పుండుపడి నెత్తురు పోతోందని నిద్రలో కూడా చెబుతాను. మా కుక్కను చూసి, ఏదో తినకూడనిది తిన్నట్టుంది అన్నాను.

పశువుల డాక్టరు దగ్గరకు తీసుకెళ్లాం. కుర్రాడు, నాకన్నా పాతికేళ్లు చిన్న. జిమ్మీ చిగుళ్లు తెల్లగా పాలిపోయి ఉండటం చూసి, "ఏమైనా మందులిచ్చారా సార్?" అన్నాడు. చెప్పాను. అతను తలవంచుకుని సెలైను సరిచేస్తూ ఉండిపోయాడు. నేనొక డాక్టరునని తెలుసు గనుక గౌరవించాడు. మరొకరైతే చీవాట్లు పెట్టేవాడే. నేను మా ఓ.పి.లో ఎన్నిసార్లు పెట్టలేదు!

బ్రూఫెన్ మనుషుల కడుపునే పాడుచేస్తుందని మీకు తెలుసు. కుక్క శరీరం దాన్ని ఇంకా బాగా తక్కువగా ఓర్చుకుంటుంది. కడుపులో పుళ్లు పడతాయి, మోతాదు పెరిగితే మూత్రపిండాలు దెబ్బతింటాయి. డైక్లోఫెనాక్ కూడా అంతే. జ్వరానికి మనం వేసుకునే పారాసిటమాల్ బిళ్ల సైతం కుక్క కాలేయాన్ని దెబ్బతీయగలదు, పిల్లికైతే ఒక్క బిళ్ల ప్రాణాంతకం కావచ్చు. మందులే కాదు, చాక్లెట్టు, ఉల్లిపాయ, ద్రాక్ష, పాయసంలో వేసుకునే ఎండుద్రాక్ష కూడా కుక్కకు పెట్టకూడనివే. మిగిలిపోయిన ఉల్లిపాయ కూర అన్నంలో కలిపి కుక్కకు పెట్టడం మనకు ఆనవాయితీ. మానుకోవాలి.

ఆరో రోజు సాయంత్రం ఆ కుర్ర డాక్టరు నన్ను పక్కకు పిలిచి, పుండు చిల్లుపడినట్టు అనుమానంగా ఉందనీ, విజయవాడ తీసుకెళ్లి ఆపరేషను చేయిస్తే బతికే అవకాశం కొంత ఉందనీ, నలభై అయిదు వేల దాకా కావచ్చనీ అన్నాడు. అప్పటికే పన్నెండు వేలయ్యాయి. "పొద్దున్నే చెబుతాను" అన్నాను.

ఆ రాత్రి లెక్కలు వేశాను. పెద్దమ్మాయి హాస్టలు ఫీజు జూన్‌లో కట్టాలి. అమ్మ కంటి ఆపరేషను చేయించాలి. తొమ్మిదేళ్ల కుక్క, బతికినా ఎన్నాళ్లు? లెక్కలన్నీ సబబుగానే ఉన్నాయి. తెల్లవారుజామున అయిదున్నరకు ఫోను వచ్చింది, పోయాడని.

రాత్రే తీసుకెళితే మాత్రం బతికేవాడని చెప్పలేమని ఆ కుర్రాడు తరువాత ధైర్యం చెప్పాడు. అది నిజమే కావచ్చు.

ఇక టైగర్ సంగతికి వస్తాను. మా కారుకు ఇన్సూరెన్సు చేసే ఏజెంటు రెండు నెలల కిందట పాలసీ పునరుద్ధరణకు వచ్చి, వీణ్ణి చూసి, "వీడిక్కూడా చేద్దాం డాక్టర్ గారూ" అన్నాడు. మా ఆవిడ వంటింట్లోంచే "కాగితాలిచ్చి వెళ్లమనండి" అంది. అలా మొదలైంది.

కుక్కలకు ఇన్సూరెన్సు అనేది ఇవాళ పుట్టిన వింత కాదు. స్వీడన్ దేశంలో 1924లోనే ఒక కుక్కకు పాలసీ రాశారు. అమెరికాలో 1982లో లాసీ అనే టెలివిజన్ కుక్క పేరు మీద మొదటి పాలసీ ఇచ్చారు. మనదేశంలో పాడి పశువులకు చేసే ఇన్సూరెన్సు పల్లెటూరి పాఠకులకు బాగా తెలుసు. చెవికి ట్యాగు ఉండాలి, గేదె పోతే ఆ ట్యాగు చూపించాలి, ట్యాగు లేకపోతే క్లెయిము లేదు. మన ప్రభుత్వరంగ కంపెనీలు కుక్కలకు చాలాకాలంగా ఇస్తూ వచ్చిన పాలసీలు ముఖ్యంగా ఆ గేదె పాలసీకి తమ్ముళ్లే. అంటే, కుక్క ప్రమాదంలోనో జబ్బుచేసో పోతే దాని ఖరీదు కట్టి ఇస్తారు. వైద్యం ఖర్చు ఇచ్చే పాలసీలు మన దగ్గర ప్రచారంలోకి వచ్చింది ఈమధ్యనే. 2020లో అప్పటి బజాజ్ అలియాంజ్ కంపెనీ ఒకటి తెచ్చింది, తరువాత మరికొన్ని ప్రైవేటు కంపెనీలు వచ్చాయి.

ఈ తేడా మీరు మొట్టమొదట పట్టుకోవాలి. ఏజెంటు "కుక్క ఇన్సూరెన్సు" అంటాడు. చచ్చిపోతే ఇచ్చేదా, బతికించుకోవటానికి ఇచ్చేదా అని అడగండి. పాతిక వేలు పోసి కొన్న జాతికుక్క అయితే మొదటిదాంట్లోనూ అర్థముంది. మా జిమ్మీ వంటివాడికి బజారులో ఏం ధర కడతారు?

ఏజెంటు ఇచ్చిన కాగితాలను ఆదివారం నాడు రోగి కేసు షీటు చదివినట్టు కూర్చుని చదివాను. టైగర్‌కు యాభై వేల దాకా ఆపరేషనూ ఆస్పత్రి ఖర్చులూ వచ్చే పాలసీకి ఏడాదికి నాలుగువేల రెండువందలన్నారు. ఇచ్చేవి మొదటి పేజీలో ఉన్నాయి. ఇవ్వనివి నాలుగు పేజీలున్నాయి. మీరు కూడా వెనక పేజీ నుంచే చదవటం మొదలుపెట్టండి.

ఇలాంటి పాలసీల్లో సాధారణంగా కనబడేవి చెబుతాను. కంపెనీకీ కంపెనీకీ కొంత మారుతుంది. పాలసీ తీసుకునేనాటికి ఉన్న జబ్బుకు ఇవ్వరు. తీసుకున్న మొదటి కొన్ని వారాలలో వచ్చిన జబ్బుకూ ఇవ్వరు. పుట్టుకతో వచ్చే, జాతిని బట్టి వచ్చే లోపాలకు చాలామంది ఇవ్వరు. జర్మన్ షెపర్డు, లాబ్రడారు పెంచేవాళ్లు ఇక్కడ ఆగి ఆలోచించాలి, ఎందుకంటే ఆ జాతుల్లో తుంటికీలు సరిగా అమరకపోవటం తరచుగా చూసే లోపం, దాని ఆపరేషను ఖరీదైనది. కానుపు ఖర్చులివ్వరు. పళ్లు శుభ్రం చేయించటానికి ఇవ్వరు. ఏడెనిమిదేళ్లు దాటిన కుక్కను కొత్తగా చేర్చుకోవటానికి ఇష్టపడరు. అంటే జబ్బులు మొదలయ్యే వయసుకు తలుపు మూసుకుంటుందన్నమాట. గుర్తుకోసం ఫొటోలో, లేకపోతే మెడ వెనక చర్మం కింద బియ్యపుగింజంత చిప్పో అడుగుతారు. చిప్పు పెట్టించటం సూది వేయించినంత పని, భయపడనక్కరలేదు.

టీకాలు వేయించని కుక్కకు, టీకాతో ఆపగలిగిన జబ్బు వస్తే పైసా ఇవ్వరు. ఇది న్యాయమే. మన దగ్గర కుక్కపిల్లల్ని ఎక్కువగా పొట్టన పెట్టుకునేవి పార్వో, డిస్టెంపరు. పార్వో వస్తే నెత్తుటి విరోచనాలతో రెండు మూడు రోజుల్లో పిల్ల చేతుల్లో పోతుంది. ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో మొదటి టీకా, తరువాత మూడు నాలుగు వారాలకొకటి చొప్పున పదహారు వారాలు నిండేదాకా, ఆపైన మీ పశువుల డాక్టరు చెప్పిన ప్రకారం బూస్టర్లు. మూడు నెలలు నిండితే రేబీస్ టీకా. ఇవి వేయించని వాళ్లకు పాలసీ ఎందుకూ పనికిరాదు. వేయించినవాళ్లకు సగం జబ్బులు రానే రావు.

మిగిలిన సగంలో మన వేడిదేశంలో పెద్దది పిడుదుల జ్వరం. పిడుదు కరిస్తే వచ్చే ఈ జబ్బులో కుక్క తిండి మానేసి, నెత్తురు తగ్గి, ముక్కు వెంట రక్తం కూడా కారవచ్చు. వేళకు పట్టుకుంటే నాలుగు వారాల మందుతో తగ్గుతుంది. ఆలస్యమైతే నెత్తురెక్కించవలసి వస్తుంది. మా ఇంట్లో ప్రతి ఆదివారం టైగర్ చెవుల లోపలా, కాలివేళ్ల మధ్యా వెతికే పని మా అమ్మది. ఎనభై ఏళ్ల కళ్లు, ఆపరేషను అయినవి, ఒక్కటీ తప్పించుకోదు.

ఆడకుక్క అయితే గర్భసంచి తీయించే ఆపరేషను సంగతి అడగండి. తీయించని కుక్కలకు నడివయసులో గర్భసంచిలో చీము పట్టడం మామూలు. అప్పుడు అర్ధరాత్రి చేసే ఆపరేషను కన్నా ముందుగా చేయించేది ఎంతో చవక, ఎంతో క్షేమం. వ్యవసాయ కుటుంబాల వాళ్లకు తెలిసిన గన్నవరం పశువైద్య కళాశాల వంటి చోట్ల కుక్కలకూ వైద్యం చేస్తారు. మీ జిల్లాలో ఏమున్నదీ జబ్బు రాకముందే కనుక్కుని పెట్టుకోండి.

ఇంకొక్క ముఖ్యమైన సంగతి. ఈ పాలసీలు చాలావాటిలో ముందు బిల్లు మీరే కట్టాలి. తరువాత కాగితాలు పంపితే డబ్బు వస్తుంది. మనుషుల ఆస్పత్రిలో మాదిరిగా కార్డు చూపిస్తే చాలుననుకుని ధైర్యంగా ఉండవద్దు. జిమ్మీ ఆపరేషను రాత్రి అటువంటి పాలసీ ఉన్నా, నలభై అయిదు వేలు నా జేబులోంచే ముందు పోవాలి. పైగా డాక్టరు సలహా లేకుండా సొంతదారు పెట్టిన మందువల్ల వచ్చిన జబ్బు అని తేలితే కంపెనీవాడు చెక్కు రాస్తాడనుకోను. నేనే కంపెనీవాణ్ణయితే రాయను.

కుక్కకాటు సంగతి చెబుతానన్నాను. కొన్ని పాలసీల్లో మీ కుక్క బయటివాళ్లను కరిస్తే కట్టవలసిన నష్టపరిహారం కూడా చేరి ఉంటుంది. అపార్టుమెంట్లలో ఉండేవాళ్లకు ఈ భాగం వైద్యం కన్నా విలువైనది కావచ్చు. అయితే డబ్బు ఒకటి, ప్రాణం ఒకటి. మా ఆస్పత్రికి ఒకరోజు ఒకే ఇంటివాళ్లు నలుగురు వచ్చారు. రెండు నెలల కుక్కపిల్ల, ఆడుకుంటూ అందర్నీ కరిచింది, గీరింది. "ఇంట్లో కుక్కే కదండీ, అందులోనూ పిల్ల" అంటారు. పిల్లకూ రేబీస్ వస్తుంది. లక్షణాలు కనబడ్డాక రేబీస్ రోగిని బతికించే వైద్యం మా దగ్గర లేదు. కరిచిన వెంటనే సబ్బుతో, ధారగా పడే నీటి కింద పదిహేను నిమిషాలు గడియారం చూసి కడగండి. పసుపు, కారం, సున్నం పెట్టవద్దు. ఆస్పత్రికి రండి. మా దగ్గర చర్మంలోకి ఇచ్చే సూదులు మొదటి రోజు, మూడో రోజు, ఏడో రోజు, ఇరవై ఎనిమిదో రోజు. నెత్తురు వచ్చిన గాయమైతే ఆ గాయంలోనే సీరం కూడా ఇవ్వాలి. ప్రభుత్వాసుపత్రిలో ఈ సూదులకు డబ్బు తీసుకోరు. మూడో సూది అయ్యాక "తగ్గిపోయిందిగా" అని మానేసేవాళ్లను చూస్తే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

మళ్లీ ఇన్సూరెన్సుకు వద్దాం. కాగితాలు చదివాక మా ఆవిడకు లెక్క చెప్పాను. టైగర్‌కు పదేళ్లు వచ్చేదాకా ఏడేళ్లు కట్టాలి. ప్రీమియం పెరగకపోయినా ముప్ఫై వేలకు దగ్గరవుతుంది, వయసుతోపాటు పెరుగుతుంది కూడా. ఏమీ జరగకపోతే పైసా తిరిగి రాదు. అయినా జిమ్మీ విషయంలో జరిగినట్టు మళ్లీ జరగకుండా చేయిద్దామా అన్నాను.

ఆవిడ పప్పు రుబ్బుతూ, "ఆ రోజు డబ్బు లేక ఆగారా?" అంది.

మాట్లాడలేకపోయాను. బ్యాంకులో డబ్బుంది. మర్నాడు తీసి ఇవ్వగలిగినంత ఉంది. కుక్కకు అంత పెట్టడం సబబా అని ఆగాను. ఆ ప్రశ్న అడగటం తప్పని ఇప్పటికీ అనను. ఇంట్లో మనుషుల అవసరాలు కాదని కుక్కకు అప్పు చేయమని ఏ పాఠకుడికీ సలహా చెప్పను. కాని ఆ ప్రశ్న రాత్రి పదిగంటలకు, ప్రాణి సెలైను మీద ఉండగా తీసుకుని కూర్చున్నాను. అది కూర్చోవలసిన వేళ కాదు.

అప్పుడే మేము ఒక నిర్ణయం చేశాం. టైగర్‌కు పాలసీ తీసుకోలేదు. మా ఆవిడ పేరున పోస్టాఫీసులో వేరే సేవింగ్స్ పాస్‌బుక్కు తెరిచి ముప్ఫై వేలు వేశాం. నెలకు వెయ్యి కలుపుతున్నాం. యాభై వేలయ్యాక ఆపుతాం. అంతవరకూ వాడి వైద్యానికి నన్ను అడగనక్కరలేదు, నేను లెక్కలు వేయనక్కరలేదు. యాభై వేలు దాటితే, నొప్పి లేకుండా చూడమని డాక్టరుకు చెప్పాలని కూడా ఆనాడే అనుకున్నాం. చెప్పటానికి కఠినంగానే ఉంటుంది. పాస్‌బుక్కు బీరువాలో వాడి టీకాల పుస్తకంలో పెట్టి ఉంటుంది. మందుల డబ్బా తాళంచెవి కూడా ఆవిడ దగ్గరే ఉంది. బ్రూఫెన్ అందులోనే ఉంది.

టీచరుగారూ, ఇది నా జవాబు, మీది కాకపోవచ్చు. నాకు నెల తిరిగేసరికి జీతం వస్తుంది, ఒక్కసారిగా ముప్ఫై వేలు తీసి పక్కన పెట్టగలిగాను. మీరు అలా తీయలేనంటే, మీ పిల్ల ఇంకా చిన్నది గనుక, ఇప్పుడు పాలసీ తీసుకోవటంలో తెలివితక్కువేమీ లేదు. మీ చెల్లెలిని నవ్వనివ్వండి. వైద్యం ఖర్చు ఇచ్చేదే తీసుకోండి, తుంటికీలు సంగతి రాతపూర్వకంగా అడగండి, బిల్లు ముందు కట్టటానికి పది పదిహేను వేలు చేతిలో ఉంచుకోండి. ఆ మాత్రం కూడా కష్టమైతే, మీ అబ్బాయికి ఉత్తరం రాయండి. కుక్క అతనిది.

పిల్లకు ఎన్ని నెలలో మీరు రాయలేదు. మూడు నిండి ఉంటే రేబీస్ టీకా ఈ వారమే వేయించండి. తరువాత ఏటా జులై 6న మన పశుసంవర్ధక శాఖ వాళ్లు ఉచితంగా వేస్తారు. 1885లో అదే రోజున పాశ్చర్ మహాశయుడు పిచ్చికుక్క కరిచిన తొమ్మిదేళ్ల కుర్రాడికి మొదటి సూది ఇప్పించాడు. ఆ రోజు వరస పెద్దదిగా ఉంటుంది, కుక్కలన్నీ ఒకదాని మీద ఒకటి అరుస్తాయి. గొలుసు గట్టిది తీసుకెళ్లండి.